మిరపకాయలు ఆరిన హాకీ గ్రౌండు

1974లో నేను తిరువూరులో ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్నాను. మా వృత్తిలో దాన్ని పొట్టిగా పి.డి. అంటారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం డ్రిల్లు మాష్టారనే పిలిచేవాళ్ళు. మెడలో ఈల, కాళ్ళకు తెల్ల బూట్లు, పొద్దునా సాయంత్రం ఎండలో నిలబడే ఉద్యోగం. స్టాఫ్‌రూములో లెక్చరర్లు నన్ను చూసి, "మీకేమండీ, ఆడుకుంటూ జీతం తీసుకుంటారు" అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఒక్కరోజు నా ఈల వాళ్ళ మెడలో వేసి, మే నెల ఎండలో గ్రౌండు మధ్య నిలబెట్టాలనిపించేది.

నాది బందరు. మా నాన్న కోర్టులో గుమాస్తా. వ్యవసాయమంటే నేను బస్సు కిటికీలోంచి చూసినంతే. హాకీ మాత్రం వచ్చు. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడాను, ఆ అర్హతతోనే ఈ ఉద్యోగం వచ్చింది. తీరా చేరాక చూస్తే తిరువూరులో కబడ్డీ, వాలీబాల్ తప్ప మూడో ఆట ఊసే లేదు. ఆ రెండూ ఆడించుకుంటూ కూర్చున్నా నన్ను అడిగేవాళ్ళు లేరు. కానీ వచ్చిన ఆట ఊరుకోనివ్వదు కదా. ప్రిన్సిపాలు గారి గది చుట్టూ తిరిగి తిరిగి జలంధర్ నుంచి హాకీ కర్రలు తెప్పించాను. ఆయన ఆ కట్ట విప్పించి, ఒక కర్ర చేతిలోకి తీసుకుని, "ఇది వంకరగా వచ్చిందేంటండీ, వెనక్కి పంపుదామా?" అన్నారు. తమాషాకి అన్నారో నిజంగానే అన్నారో నాకు ఈనాటికీ తెలియదు.

కర్రలు వచ్చాక అసలు సమస్య తెలిసింది. హాకీలో బంతి గాలిలో ఎగరకూడదు, నేలమీద పాకాలి. మా గ్రౌండు చూస్తే సగం సుద్దరాళ్ళు, సగం తంగేడు మొక్కలు. కొట్టిన బంతి రాయికి తగిలి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. మొదటి నెలలోనే ఒక కుర్రాడికి పన్ను ఊడింది. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి, నన్నేమీ అనకుండా, మా ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చి వెళ్ళింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ జట్టులోకి వచ్చినవాడే దానియేలు. వినగడప కుర్రాడు. వాళ్ళ నాన్న యేసయ్య కూలి చేస్తూ, ఎకరం చేను కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. దానియేలు తిరువూరులో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ బి.ఎ. చదువుతున్నాడు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. నేను కర్ర చేతికిచ్చిన మొదటి సాయంత్రమే, పదేళ్ళుగా ఆడుతున్నవాడిలా పట్టుకున్నాడు. "ఎక్కడ నేర్చుకున్నావురా?" అంటే, "నేర్చుకోలేదండి. గొడ్లు కాసేటప్పుడు వంకర తుమ్మకొమ్మతో తాటికాయలు దొర్లించేవాణ్ణి" అన్నాడు.

అతన్ని సెంటర్ హాఫ్‌గా పెట్టాను. సెంటర్ హాఫ్ అంటే జట్టు నడిమధ్య ఉండి, వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకు అందించేవాడు. గోలు కొట్టిన పేరు అతనికి రాదు. ఓడిపోతే మాత్రం అందరూ అతనివైపే చూస్తారు. దానియేలుకు అదేమీ పట్టేది కాదు. అతని గొప్పతనం డ్రిబ్లింగ్‌లో ఉండేది. కర్ర కొనతో బంతిని కుడికీ ఎడమకూ మారుస్తూ, వదలకుండా పరిగెత్తడాన్ని డ్రిబ్లింగ్ అంటాం. హాకీ కర్ర ఒకవైపే చదునుగా ఉంటుంది. గుండ్రంగా ఉన్న రెండోవైపు బంతి తగిలితే ఫౌల్. అందుకని అడుగడుక్కీ మణికట్టు తిప్పి కర్రను బోర్లించాలి. ఎంతోమందికి అది ఏళ్ళ తరబడి సాధన చేసినా పట్టుబడదు. ఇతనికి అది చేతిలో పుట్టింది. కానీ ఆ గ్రౌండులో నాలుగడుగులు వేసేసరికి బంతి రాయికి తగిలి ఎగిరిపోయేది. అతను ఆగి, బంతిని కాదు, ఆ రాయిని చూసేవాడు.

ఒకరోజు ఆట అయ్యాక దానియేలు, మా గోల్ కీపర్ శివరామ్ ఇద్దరూ కలిసి నా దగ్గరికి వచ్చారు. శివరామ్ వాళ్ళకు రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలున్నాయి. మాటలో ఆ ధీమా వినిపించేది.

"సార్, మన గ్రౌండుని కళ్ళం చేసేద్దామండి" అన్నాడు శివరామ్.

"కళ్ళమా? అదేం పని?"

"పంట నూర్చుకోవటానికీ, ఆరబోసుకోవటానికీ చేస్తారు కదండి, ఆ నేల. చెక్కి, తడిపి, ఎడ్లతో తొక్కించి, పేడ అలికితే బల్ల లాగా ఉంటది సార్" అన్నాడు దానియేలు. "బంతి ఎటు కొడితే అటే పోద్ది."

హాకీ గ్రౌండు ఎంత ఉంటుందో తెలిసినవాళ్ళెవరైనా వింటే నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ సేద్యం చేసే ఇళ్ళలోంచి వచ్చిన పిల్లలకు పని అంటే భయం ఉండదు. శివరామ్ వాళ్ళ ఇంటినుంచి ఎడ్లు, నేల చదును చేసే గుంటక వచ్చాయి. తంగేడు పీకారు, రాళ్ళు ఏరారు, చెరువుమట్టి తోలారు. బావి నీళ్ళు చల్లి తొక్కించి, రాతి గుండు దొర్లించారు. ఊళ్ళో ఏ ఇంటి ముందు పేడ కనిపించినా మావాళ్ళు తట్టతో తయారు. కాలేజీ అమ్మాయిలు ముక్కులు మూసుకుని నవ్వుకునేవాళ్ళు. ప్రిన్సిపాలు గారు కిటికీ తలుపులు వేయించుకున్నారు. అంతా అయ్యాక వెళ్ళి చూశాను. అంత నేలా పచ్చగా, నున్నగా, అన్నం వడ్డించుకుని తినొచ్చన్నంత శుభ్రంగా ఉంది. హిందూ పిల్లలు కొబ్బరికాయ కొట్టారు. దానియేలు వాళ్ళ పాస్టరు గారిని పిలుచుకొచ్చి ప్రార్థన చేయించాడు. ఆట మొదలుపెట్టబోతుంటే, నేను చెప్పకుండానే, అందరూ బూట్లు విప్పి గట్టున పెట్టారు. "ఇదేంటర్రా?" అంటే, "కళ్ళంలో చెప్పులేసుకుని తిరగరు సార్" అన్నారు.

నాకు అప్పుడైనా అర్థం కావాల్సింది. నేను ఆటస్థలం చేశాననుకున్నాను. వాళ్ళు కళ్ళం చేశారు.

ఆ నేలమీద దానియేలు ఆట చూడాల్సిందే. బంతి అతని కర్రకు అతుక్కుపోయినట్టు ఉండేది. చుట్టుపక్కల కాలేజీల జట్లు మా ఊరొచ్చి ఓడిపోయి వెళ్ళేవి. ఈ సంగతి యూనివర్సిటీ దాకా పాకింది. ఆ ఏడాది పోటీలు ఆలస్యమై ఫిబ్రవరిలో పడ్డాయి. మా ప్రాంతం కాలేజీల నుంచి యూనివర్సిటీ జట్టుకు ఆటగాళ్ళను ఎంపిక చేసే సెలెక్షన్ ట్రయల్స్ మా గ్రౌండులోనే పెడతామని కబురొచ్చింది. ట్రయల్స్ అంటే అన్ని కాలేజీల కుర్రాళ్ళనూ రెండు జట్లుగా కలిపి ఆడిస్తే, సెలెక్టరు గట్టున నిలబడి చూస్తాడు. వచ్చే సెలెక్టరు నాకు తెలిసినాయనే. నిక్కచ్చి మనిషి.

దానియేలుకు అది చివరి సంవత్సరం. ఒక ప్రభుత్వ సంస్థ కొత్తగా హాకీ జట్టు పెడుతోందనీ, యూనివర్సిటీకి ఆడినవాళ్ళను పిలిచి ఉద్యోగాలిస్తోందనీ ఆ సెలెక్టరు గారే నాకు ముందుగా చెప్పారు. నేను ఆ సంగతి దానియేలుకు చెప్పాను. "ఉజ్జోగం వస్తే మా నాన్న చేత కౌలు మాన్పిస్తాను సార్" అన్నాడు. ఆ ఆశ అతనిలో పెట్టింది నేనే. అతనికంటే ఎక్కువగా నేనే పెట్టుకున్నాను.

సెలెక్షన్‌కు వారం ముందు ముసురు పట్టింది. ఆ కాలంలో రావాల్సిన వాన కాదు. నా బెంగ అంతా గ్రౌండు గురించే. పొద్దునే గొడుగు వేసుకెళ్ళి చూసి, సాయంత్రం మళ్ళీ వెళ్ళేవాణ్ణి. మావాళ్ళు వాలు చూసి చేయటం వల్ల నీళ్ళు నిలవలేదు. వాన వెలిసిన రోజునే జట్టంతా కలిసి మళ్ళీ పేడ అలికారు. మంచి ఎండ కాసింది. ఎల్లుండి సెలెక్షన్. నేను నిశ్చింతగా ఇంటికొచ్చి నిద్రపోయాను.

మర్నాడు పొద్దున గ్రౌండుకు వెళ్ళేసరికి అది లేదు. ఈ గోలు నుంచి ఆ గోలు దాకా ఎర్రగా మిరపకాయలు. ఆడవాళ్ళు నడుములు వంచి, చేతులతో సర్దుతూ పరుస్తున్నారు. మధ్యమధ్యలో కాయలు తిరగేసుకోవటానికి సన్నటి బాటలు వదిలారు. గట్టున తడిసిన గోనె సంచులు, తట్టలు. ఆ ఘాటుకు నాకు తుమ్ములొచ్చాయి.

"ఎవరమ్మా మీరు? ఏంటిది? ఎవర్నడిగి పోశారు?" అని అరిచాను.

ఒక ముసలావిడ నడుం ఎత్తింది. మార్తమ్మ అని, కొడుకుతో కలిసి ఊరి పక్కన అరెకరం కౌలు చేస్తుందని తర్వాత తెలిసింది. "కళ్ళం ఖాళీగా ఉంటే పోసుకున్నామయ్యా. కళ్ళాలున్నోళ్ళంతా వాళ్ళ కాయలే పోసుకున్నారు. మావి తడిసిపోయినై. మీ పిలగాడే పోసుకోమన్నాడు" అంది.

ఆమె చూపించిన వైపు చూస్తే దానియేలు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక తట్టలోంచి కాయలు వంచుతున్నాడు.

నేను అతన్ని గట్టు మీదికి పిలిచాను.

"రేపు ఏంటో గుర్తుందా నీకు?"

"ఉందండి."

"మరి ఇదేంటి?"

"నిన్న సందేళ రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారండి, తడిసిన మూటలేసుకుని. ఎక్కడ పోసుకోవాలో తెలీక. కళ్ళం ఉందని చెప్పాను సార్."

"సరే, చెప్పావు. ఇప్పుడు సగం ఎత్తిద్దాం. ఒక పక్కకు కుప్ప పోయిద్దాం. రేపు మధ్యాహ్నం దాకా ఆగితే చాలు, ఆ తర్వాత మళ్ళీ పరుచుకుంటారు."

అతను తల అడ్డంగా ఊపాడు. "సగం పచ్చి మీదున్న కాయ సార్. కుప్ప పోస్తే లోపల ఉడికిపోద్ది. రేపటికి తెల్లబారి తాలు అయిపోద్ది. తాలుని కొట్లో ఎవరూ కాయ కింద కొనరండి."

"దానియేలూ, ఇది నీ జీవితంరా."

"తెలుసండి" అన్నాడు. "నా ఇంటరప్పుడు మా నాన్న కాయ ఇట్లాగే తడిసింది సార్. మూడు కళ్ళాలకు పోయి అడిగాడు. ఒకరేమో రేపన్నారు, ఒకరు మా ఇంట్లో పెళ్ళన్నారు. ఇంకొకాయన అసలు మాట్లాడలేదు. కాయంతా పోయింది. ఈ కళ్ళానికి ఆసామి ఎవరూ లేరు సార్. అడిగితే కాదనేవాళ్ళు లేరు. అందుకని చెప్పాను."

నాకు కోపం ఆగలేదు. "ఆసామి నేను" అన్నాను. అతను నావైపు చూశాడు. నేనే ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఆ నేల మీద ఒక్క తట్ట పేడ కూడా నేను మోయలేదు.

ఊరికే కూర్చోలేదు. శివరామ్‌ను సైకిలు మీద పంపాను, ఎవరి కళ్ళమైనా ఖాళీ చేయించి ఈ కాయలు అక్కడికి మార్పించమని. వాళ్ళ బంధువులే చాలామంది ఉన్నారు చుట్టుపక్కల. మధ్యాహ్నానికి మొహం వేలాడేసుకుని వచ్చాడు. "వాళ్ళవే పట్టట్లేదండి సార్. మా బాబాయి కళ్ళంలో ఓ మూల ఖాళీ ఉంది. ఇవ్వనన్నాడు" అని తలదించుకున్నాడు. నేను పోస్టాఫీసుకెళ్ళి ట్రంక్ కాల్ చేశాను. సెలెక్టరు గారు అప్పటికే బయలుదేరారు. తేదీ మార్చటానికి కూడా వీల్లేదు. ఎంపికైనవాళ్ళు ఆ వారమే పోటీలకు రైలెక్కాలి. ప్రిన్సిపాలు గారిని అడిగితే, "మీ పిల్లలే ఇచ్చారటగా. పోలీసుల్ని పిలిచి ఆడవాళ్ళను లేపమంటారా?" అన్నారు. అక్కర్లేదన్నాను. ఆ మాట అనటానికి నేను ఎంతసేపు ఆలోచించానో ఆయన గమనించే ఉంటారు.

ట్రయల్స్ హైస్కూలు గ్రౌండులో పెట్టాం. అది మా పాత గ్రౌండుకు అన్నదమ్ముల వరస. అన్నీ రాళ్ళే. మిగతా కాలేజీల కుర్రాళ్ళు అలాంటి నేల మీదే ఆడి పెరిగారు. బంతి ఎగురుతుందని వాళ్ళ చేతులకు ముందే తెలుసు. మావాళ్ళకు ఆ అలవాటు తప్పి చాలా రోజులైంది. దానియేలు బంతి పాకుతూ వస్తుందని కర్ర నేలకు ఆనించేవాడు, అది మోకాలిదాకా లేచి అవతలికి పోయేది. రెండు మూడుసార్లు అలా జరిగాక అతని అడుగులో తొట్రుపాటు వచ్చింది. రెండో సగంలో కొంచెం తేరుకున్నాడు. మంచి పాసులు రెండిచ్చాడు. అవి అందుకోవాల్సినవాళ్ళు కొత్తవాళ్ళు కావటంతో అందుకోలేకపోయారు. ఈల నోట్లో పెట్టుకుని అంపైరుగా నేను గ్రౌండులోనే ఉన్నాను. నా ముందే అంతా జారిపోతుంటే ఫౌల్ అని ఊదటం తప్ప నా చేతిలో ఏమీ లేదు.

ఆట అయ్యాక సెలెక్టరు గారు రుమాలుతో మొహం తుడుచుకుంటూ అన్నారు. "మీ కుర్రాడి గురించి చాలా విన్నానండి. మనిషి తెలివైనవాడే. కానీ బంతి ఆగట్లేదు."

"ఒక్కసారి మా గ్రౌండుకు రండి. బస్సుకు టైముంది" అన్నాను. బతిమాలాను అంటేనే నిజం.

ఆయన వచ్చారు. గట్టెక్కి ఆ ఎరుపు చూసి ఉలిక్కిపడ్డారు. ఆడవాళ్ళు కాయలు తిరగేస్తున్నారు. నేను దానియేలు చేతికి కర్ర ఇచ్చి, బంతిని కాయల మధ్య బాటలో పెట్టాను. మనిషి నడవటానికి సరిపోయేంత బాట. "ఈ చివర నుంచి ఆ చివరికి తీసుకెళ్ళు" అన్నాను. దానియేలు ఒకసారి మార్తమ్మవైపు చూశాడు. "కాయ తొక్కను మామ్మా" అన్నాడు. ఆమె పక్కకు జరిగింది.

అతను బూట్లు విప్పి మొదలుపెట్టాడు. ముందు మెల్లగా, తర్వాత వేగంగా. బంతి కర్రకు అటూ ఇటూ, అటూ ఇటూ. టకటకమని సన్నటి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మలుపు దగ్గర బాట వంకర తిరిగితే బంతి కూడా తిరిగింది. ఆడవాళ్ళు పని ఆపేసి నిలబడ్డారు. అవతలి గోలు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అదే బాటలో వచ్చాడు. ఒక్క కాయ కదల్లేదు. నా ఇరవైయెనిమిదేళ్ళ ఉద్యోగంలో అంత గొప్ప డ్రిబ్లింగ్ నేను మళ్ళీ చూడలేదు. చెప్పుకోవటానికి నాకు సిగ్గు లేదు, కళ్ళనీళ్ళు వచ్చాయి. మిరపకాయల ఘాటని అందరూ అనుకున్నారు.

సెలెక్టరు గారు దానియేలు భుజం మీద చెయ్యి వేసి, "బాగుంది బాబూ, చాలా బాగుంది" అన్నారు. నన్ను పక్కకు తీసుకెళ్ళి, "మేష్టారూ, ఎదురుగా మనిషి లేకుండా ఆడింది చూసి నేను ఎవర్నీ తీసుకోలేనండి. మిగతావాళ్ళు అక్కడ ఆడారు. వాళ్ళకేం చెప్పను?" అన్నారు. ఆయన అన్నది న్యాయమే. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే అనేవాణ్ణి. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

దానియేలు పేరు రాలేదు. తర్వాత నేను యూనివర్సిటీకి కూడా వెళ్ళి అడిగి చూశాను. వచ్చే ఏడు చూద్దామన్నారు. వచ్చే ఏటికి అతను విద్యార్థి కాదు. ఆ మాట వాళ్ళకూ తెలుసు.

మిరపకాయలు బాగా ఆరాయి. ఇంకో రెండెండలకు గలగలలాడాయి. మూటలు కట్టుకుని వెళ్ళేరోజు మార్తమ్మ ఇంకో ఇద్దరితో కలిసి మా ఇంటికొచ్చి, ఒక బుట్టెడు కాయలు అరుగు మీద పెట్టింది. "ఇవి కళ్ళం మేరయ్యా" అంది. కళ్ళంలో పంట ఎత్తేటప్పుడు, తమకు పని చేసిపెట్టినవాళ్ళకు రైతులు తీసిపెట్టే వంతును మేర అంటారట. "దానియేలుకి ఇవ్వండి" అన్నాను. "ఇచ్చామయ్యా, వద్దన్నాడు. సారుకి పెట్టమన్నాడు" అంది. నేను లోపలికి వెళ్ళిపోయాను. మా ఆవిడే వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మర్యాదగా మాట్లాడి పంపింది. ఆ ఏడంతా మా ఇంట్లో ఆ కారమే. మంచి రంగు, మంచి రుచి అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం ముద్ద గొంతు దిగేది కాదు.

మరుసటి ఏడు కాలేజీ కమిటీ గ్రౌండు చుట్టూ ముళ్ళకంచె వేయించింది, ఆటస్థలం ఆటకే ఉండాలని. నేనూ వద్దనలేదు. ఆ ఏడు కొత్త జట్టుతో, "పేడ అలుకుదామర్రా" అంటే, "కంచె వేసింది కళ్ళమెట్లా అవుద్ది సార్?" అన్నాడొకడు. బలవంతాన అలికించాను. మనసుపెట్టి చేయలేదని చూస్తేనే తెలిసింది. రెండు వానలకు రాళ్ళు పైకి తేలాయి. తర్వాత నేను కూడా వాలీబాల్‌లో పడిపోయాను.

దానియేలు పరీక్షలు రాసి వినగడప వెళ్ళిపోయాడు. ఒకటి రెండు ఉద్యోగాలకు నేను చెప్పి చూశాను, కుదరలేదు. మళ్ళీ అతన్ని కలిసింది 1979లో. ఎ.కొండూరులో పని ఉండి బస్సు దిగాను. ఊరి చివర రోడ్డు పక్కన మిరపకాయలు ఆరబోసి, ఒకతను వాటిని కాళ్ళతో తిరగేస్తున్నాడు. ఆ పొడుగు చూసి గుర్తుపట్టాను. అక్కడ పొలం కౌలుకు తీసుకున్నాడట. పెళ్ళయింది, ఒక ఆడపిల్ల. యేసయ్య పోయాడని చెప్పాడు, చివరిదాకా చేలోనే ఉన్నాడని.

ఇద్దరం చింతచెట్టు నీడలో కూర్చున్నాం. నా సంచిలోని అరటిపళ్ళు అతని కూతురికని ఇచ్చాను. ఆటల గురించి ఎవరూ ఎత్తలేదు. చివరికి నేనే ఉండబట్టలేకపోయాను.

"ఆ రోజు తప్పు చేశాననిపిస్తుందా నీకు ఎప్పుడైనా?"

అబ్బే లేదంటాడని ఎదురుచూశాను. అలా అంటే నా మనసు కొంత తేలికపడేది. అందుకే అడిగానేమో కూడా.

"అనిపిస్తదండి" అన్నాడు. "ప్రతేడూ ఈ కాయలు ఆరబోసే రోజుల్లో అనిపిస్తది. మా నాన్న పోయినప్పుడు మరీ అనిపించింది."

"మళ్ళీ ఆ రోజే వస్తే?"

అతను ఒక కాయ చేతిలోకి తీసుకుని, తొడిమ విరిచి, చెవి దగ్గర ఆడించి చూశాడు. ఎంత ఆరిందో చూడటానికి.

"పోసుకోమనే అంటాను సార్. మళ్ళీ ఇట్లాగే బాధపడతాను."

నా బస్సు వచ్చింది. అతను లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని దణ్ణం పెట్టాడు. కిటికీ పక్కన కూర్చుని తిరిగి చూస్తే అప్పటికే కాయల్లోకి దిగాడు.

అంతకుముందు ప్రతి వార్షికోత్సవంలోనూ మైకు ముందు నిలబడి, మంచి చేస్తే మంచే తిరిగొస్తుందని నేను పిల్లలకు చెబుతుండేవాణ్ణి. ఆటల కోచ్‌లందరూ చెప్పే మాటే. ఎ.కొండూరు నుంచి తిరిగొచ్చాక రిటైరయ్యేదాకా ఆ మాట మళ్ళీ చెప్పలేదు. మంచి చేసినవాడికి ఒక్కోసారి ఏమీ తిరిగి రాదనీ, చేసినందుకు ఏళ్ళ తరబడి మనసు నొస్తుందనీ, అయినా అది చేయాల్సిన పనే కావచ్చనీ చెప్పాలనిపించేది. కానీ ప్రైజులు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఆ పిల్లల మొహాలు చూసి, అందరికీ అభినందనలని చెప్పి దిగిపోయేవాణ్ణి.